అడవి పని వదిలి పాఠాలు చెప్పడానికి వెళ్ళనా అక్కా?

ఈ వారం ఉత్తరం రాసిన అమ్మాయి పేరు వేయొద్దంది, ఊరు కూడా వద్దంది, కాబట్టి రెండూ వేయట్లేదు. వయసు 34. స్కూలు చదువు అవగానే అడవుల పనికి సంబంధించిన రెండేళ్ళ ఒకేషనల్ డిప్లొమా చేసి, అప్పట్నుంచీ ఫీల్డ్‌లోనే ఉంది. చెట్ల లెక్క తీయడానికి అడవిలో ప్లాట్లు (కొలిచి గుర్తుపెట్టిన చిన్న ముక్కలు) వేయడం, కొట్టాల్సిన చెట్లకి మార్కింగ్, నర్సరీ, వాలు నేలల్లో మట్టి కొట్టుకుపోకుండా ఒకే ఎత్తు వెంట వాలుకి అడ్డంగా తవ్వే కాంటూర్ కందకాలకి గీతలు గీయించడం, అన్నీ చేసింది. పోయిన సీజన్‌లో కొండ దిగుతూ జారి మోకాలి లిగమెంట్ తెగింది. సర్జరీ అయింది, నడుస్తోంది, కానీ బరువు మోసుకుంటూ రోజంతా కొండలెక్కడం ఇకమీదట కుదరదని డాక్టర్ చెప్పేశారట.

తను చదువుకున్న ట్రైనింగ్ సెంటర్ వాళ్ళే ప్రాక్టికల్స్ నేర్పడానికి ఇన్‌స్ట్రక్టర్‌గా రమ్మంటున్నారు. ఇప్పుడు పనిచేసే కంపెనీ ఏమో ఆఫీసులో మ్యాపులు చేసే సీటు ఇస్తానంటోంది. ఇంట్లో భర్త "డిగ్రీ లేకుండా టీచింగ్‌లోకి వెళ్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది, ముందు డిగ్రీ చెయ్యి" అంటున్నాడు. సెంటర్ వాళ్ళకి నెలలోపు జవాబు చెప్పాలి.

ఈలోగా ట్రయల్‌గా ఒక క్లాసు తీసుకుందట. పిల్లల్ని సెంటర్ వెనక ఉన్న అడవిలోకి తీసుకెళ్ళి ఒక పెద్ద చెట్టు చూపించి, ఇది లోపల డొల్ల, దీని కలప లెక్కలోకి రాదు అని చెప్పింది. ఒక కుర్రాడు "మేడమ్, డొల్ల అని మీకెలా తెలిసింది?" అని అడిగాడు. తను "చూస్తే తెలుస్తుంది అంతే" అంది. ఆ కుర్రాడు ఆ మాటని యథాతథంగా నోట్‌బుక్‌లో రాసుకున్నాడట. "అది చూశాక నాకు ఏడుపొచ్చింది అక్కా, నాకు పని వచ్చు కానీ చెప్పడం రాదని అప్పుడు తెలిసింది. అడవిలో పనిచేయలేనివాళ్ళే పాఠాలు చెప్పుకోడానికి పోతారని మా టీమ్‌లో అనుకునేవాళ్ళం, నేనూ అనేదాన్ని, ఇప్పుడు నేనే ఆ లైన్‌లో నిలబడ్డా" అని ముగించింది.

చెల్లీ, వయసులో నీకంటే చాలా పెద్దదాన్ని, పైగా ఇరవై ఏళ్ళు ఇదే పని నేర్పుతూ బతికినదాన్ని, అందుకే చనువుగా నువ్వు అనే రాస్తున్నా. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఉద్యోగాల గురించి రాసింది ఒక పేజీ ఉంటే మిగతా మూడు పేజీలూ అడవి గురించే ఉన్నాయి, పొద్దున్నే ప్లాట్‌కి వెళ్ళే దారి గురించి, మీ టీమ్ గురించి, మోకాలు గురించి. అడవి దూరమైపోతుందన్న దుఃఖం ఒకటి, చెప్పడం రాదేమో అన్న భయం ఇంకొకటి, డిగ్రీ లేదన్న వెలితి మరొకటి. ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టేశావు, అందుకే అది ఎత్తలేనంత బరువుగా ఉంది. విడివిడిగా విప్పి చూద్దాం.

ముందు ఆ ఆఖరి మాట సంగతి చూడాలి, ఎందుకంటే అది మనసులో ఉన్నంతసేపూ నువ్వు ఏది ఎంచుకున్నా ఓడిపోయి ఎంచుకున్నట్టే అనిపిస్తుంది. అసలు ఫారెస్ట్రీ స్కూళ్ళు ఎలా పుట్టాయో తెలుసా. జర్మనీలో హైన్‌రిష్ కోటా అనే ఆయన ఫారెస్టర్ కొడుకు, తనూ అడవి సర్వే పని చేసేవాడు, ఆ పని చేస్తూనే కుర్రాళ్ళకి నేర్పడం మొదలుపెట్టాడు. 1811లో ఆ స్కూలుని థరాంట్ అనే ఊరికి మార్చాడు, 1816లో అది రాజు గారి అకాడమీ అయింది, ప్రపంచంలో చాలా పాత ఫారెస్ట్రీ స్కూళ్ళలో అదొకటి. అమెరికాలో బిల్ట్‌మోర్ ఎస్టేట్ అడవులు చూసుకునే కార్ల్ షెంక్ కూడా 1898లో అలాగే స్కూలు పెట్టాడు, పొద్దున పాఠం, మధ్యాహ్నం నుంచి అడవిలో పని, 1913 దాకా నడిచింది. అంటే మొదట్లో నేర్పింది పని చేతకానివాళ్ళు కాదమ్మా, పనిలో మునిగి ఉన్నవాళ్ళే. ఇప్పటికీ జర్మనీలో అడవి పనివాళ్ళ కోర్సు మామూలుగా మూడేళ్ళు ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నిజమైన అడవిలో, పని తెలిసిన మనిషి పక్కన నిలబడి నేర్చుకోవడమే. అలా నేర్పే మనిషికి అక్కడ అడిగేది యూనివర్సిటీ డిగ్రీ కాదు, పనిలో అర్హత ఉండాలి, దాంతోపాటు నేర్పడం వచ్చని విడిగా నిరూపించుకోవాలి, దానికి పరీక్ష ఉంటుంది. ఆ రెండోది విడిగా ఎందుకు పెట్టారో ఆలోచించు. పని వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు, అది వేరే నేర్చుకోవాల్సిన పని అని వాళ్ళు ఒప్పుకున్నారు కాబట్టే పెట్టారు. నీకు ఆ క్లాసులో ఎదురైంది కూడా సరిగ్గా అదే, నీ ఒక్కదానిలో ఉన్న లోపమేమీ కాదు.

ఇప్పుడు ఆ డొల్ల చెట్టు దగ్గరికి వద్దాం, నాకు నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

నీకు నిజంగా "చూస్తే" తెలిసిందా? నేను పందెం కాస్తా, చూడటం ఒక్కటే చేసి ఉండవు. మొదలు దగ్గర కాండం సీసాలా ఉబ్బి ఉండొచ్చు, అది నీ కన్ను పట్టుకుంటుంది. బెరడు మీద అటక పలకల్లా పుట్టగొడుగు అతుక్కుని ఉండొచ్చు, అది కనబడిందంటే లోపల బూజు ఎప్పట్నుంచో పని చేస్తోందని అర్థం. పాత కొమ్మ విరిగిన చోట మానని గాయం ఉందేమో. మొదలు దగ్గర సన్నటి రంపపుపొట్టు లాంటి పొడి రాలి ఉందేమో. పై కొమ్మలు ఎండాయేమో. ఆ తర్వాత నీకు తెలియకుండానే చేతిలో ఉన్న గొడ్డలి తిరగేసి కాండాన్ని రెండు మూడు చోట్ల కొట్టి ఉంటావు, గట్టి చెట్టు ఒకలా మోగుతుంది, డొల్ల చెట్టు డప్పులా మోగుతుంది. ఇవన్నీ కలిపి పది సెకన్లలో నీ బుర్ర లెక్క తేల్చేసింది, ఆ లెక్క నువ్వు వేసినట్టు నీకే తెలియలేదు, అందుకే "చూస్తే తెలుస్తుంది" అని వచ్చింది నోట్లోంచి. అది అబద్ధం కాదు, ఇన్నేళ్ళ పనిని ముద్ద చేసి చెప్పిన మాట. ఇన్‌స్ట్రక్టర్ పనల్లా ఆ ముద్దని మళ్ళీ విడదీసి ఒక్కొక్కటీ ఆ కుర్రాడి కంటికి, చెవికి, చేతికి అందించడమే. గొడ్డలి వాడి చేతికిచ్చి, ముందు మంచి చెట్టుని కొట్టించి, తర్వాత డొల్లదాన్ని కొట్టించి, తేడా ఏంటో వాడి నోటితో చెప్పించాలి. అప్పుడు వాడు నోట్‌బుక్‌లో రాసుకునే లైన్ వేరే ఉంటుంది. డొల్ల చెట్టు వల్ల కలప లెక్క తప్పడం ఒక్కటే నష్టం కాదు కదా, అది ఎటు పడుతుందో చెప్పలేం, కొట్టేవాడి ప్రాణం మీదకి వస్తుంది, కాబట్టి ఇది మార్కుల కోసం నేర్పే విషయం కాదు.

దీనికి పాత పద్ధతి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో అమెరికాలో ఫ్యాక్టరీలకి కొత్తవాళ్ళు వేలల్లో వచ్చేశారు, వాళ్ళకి త్వరగా పని నేర్పాల్సి వచ్చింది, అప్పుడు సూపర్‌వైజర్లకి ట్రైనింగ్ విథిన్ ఇండస్ట్రీ అనే పేరుతో నేర్పడం నేర్పారు, 1940 నుంచి 1945 దాకా. అందులో నాలుగు మెట్లు. ముందు నేర్చుకునేవాడిని సిద్ధం చెయ్యి, వాడికి ఇప్పటికే ఏం వచ్చో అడుగు. తర్వాత నువ్వు చేసి చూపించు, ఒక్కో అడుగు దగ్గర ఆగి ఇది ఎందుకో చెప్పు. తర్వాత వాడితో చేయించు, చేస్తూ వాడే పైకి చెప్పాలి. చివరగా వదిలిపెట్టి, మధ్యమధ్యలో వెళ్ళి చూడు. నేను ఇరవై ఏళ్ళలో ఇంతకంటే పనికొచ్చేది ఏదీ చూడలేదు, మూడో మెట్టులో వాడు పైకి చెప్పడం అనేది మాత్రం ఎప్పుడూ వదలొద్దు, వాడికి ఎక్కడ అర్థం కాలేదో బయటపడేది అక్కడే.

నేనేమీ మొదటి రోజు నుంచీ బాగా చెప్పినదాన్ని కాదు. నా మొదటి బ్యాచ్‌కి చెట్టు చుట్టుకొలత ఛాతీ ఎత్తు దగ్గర తీయాలి అని బోర్డు మీద బొమ్మ వేసి రెండు గంటలు చెప్పా. మర్నాడు అడవికి తీసుకెళ్ళి ఒకే చెట్టుని పద్నాలుగు మందితో కొలిపిస్తే తొమ్మిది రకాల అంకెలొచ్చాయి. నాకు కోపం వచ్చింది, పిల్లలు వినలేదనుకున్నా. తర్వాత ఒక్కొక్కరి పక్కన నిలబడి చూస్తే తప్పు నాదే. ఛాతీ ఎత్తు అన్నాను, ఎవరి ఛాతీ? పొడుగ్గా ఉన్నవాడు పైన కొలిచాడు, పొట్టి పిల్ల కింద కొలిచింది. నేల వాలుగా ఉంది, కొందరు పై వైపు నిలబడ్డారు, కొందరు కింది వైపు. ఇద్దరు తీగ మీద నుంచే టేప్ చుట్టేశారు. ఇంకొకడి టేప్ వెనక వైపు జారి వంకరగా ఉంది, వాడికి కనబడట్లేదు. ఆ సాయంత్రం సన్న కర్రలు తెప్పించి సరిగ్గా 1.3 మీటర్ల దగ్గర కోయించి మనిషికొకటి ఇచ్చా (కొన్ని దేశాల్లో 1.37 తీసుకుంటారు, ఏదైనా ఒకటే వాడాలి, అందరూ అదే వాడాలి). వాలులో చెట్టుకి పై వైపున్న నేల మీద కర్ర పెట్టాలి, తీగ ఉంటే పక్కకి లాగి టేప్ కింద నుంచి పోనివ్వాలి, టేప్ వెనక్కి వెళ్ళి చూసుకోవాలి. మర్నాడు పద్నాలుగు మందికీ సెంటీమీటర్ తేడాతో వచ్చేసింది. ఆ తర్వాతే వాళ్ళకి ఎందుకంత పట్టింపో చెప్పా, చుట్టుకొలత నుంచి తేల్చిన 30 సెంటీమీటర్ల వ్యాసాన్ని 33 అని రాస్తే అది పది శాతం తప్పు అనుకుంటాం, కానీ కాండం అడ్డుకోత వైశాల్యంలో అది 21 శాతం తప్పవుతుంది, ఆ లెక్కతో కలప అంచనా వేస్తే ఎక్కడికి పోతుందో చూసుకోండి అని. అంకె చూపించగానే ఆ గుంపంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. నీకు ఇవన్నీ తెలుసు, చేతిలో ఉన్నాయి, వాటికి మాటలు తొడగాలి అంతే, దానికి ఒక ఏడాది పడుతుంది, ఆ ఏడాది కష్టంగానే ఉంటుంది, ఇంటికొచ్చి గొంతు పోయి పడుకునే రోజులుంటాయి.

ఇక నీ ముందున్న దారులు.

ఇన్‌స్ట్రక్టర్‌గా వెళ్తే అడవి పోదు, మారుతుంది. ఫీల్డ్‌లో ఉన్నప్పుడు ఒక ప్లాట్ వేసి, కొలిచి, వెళ్ళిపోతావు, మళ్ళీ అక్కడికి ఐదేళ్ళకో పదేళ్ళకో ఎవరో వస్తారు, అది నువ్వు కాకపోవచ్చు. ట్రైనింగ్ సెంటర్ వెనక ఉన్న అడవి అలా కాదు, అదే చెట్టు దగ్గరికి వారం వారం వెళ్తావు. ఏ నెలలో ఆకు రాల్చింది, ఎండాకాలం ఎలా గట్టెక్కింది, నువ్వు మార్క్ చేసి తీయించిన చెట్టు పక్కన ఉన్నది వెలుతురు తగిలి ఎలా లావెక్కింది, ఇవి నేను ఫీల్డ్‌లో ఉన్న తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ చూడలేదు, నేర్పడానికి వచ్చాకే చూశాను. రోజుకి పన్నెండు కిలోమీటర్లు నడిచే అడవి నీకు ఇక దొరకకపోవచ్చు, అది నిజం, దానికి బాధపడు, బాధపడాలి కూడా. కానీ రోజంతా ఒక్క ఎకరంలో నిలబడే అడవి కూడా అడవే.

కాకపోతే ఒక్క విషయంలో నేను గట్టిగా చెప్తా. చైన్‌సాతో చెట్టు కొట్టించే ప్రాక్టికల్ మాత్రం ఇప్పుడే ఒప్పుకోకు. చెట్టు కదలగానే వెనక్కి, పక్కకి ఏటవాలుగా ముందే చూసుకున్న దారిలో చకచకా తప్పుకోవాలి, నేర్పేవాళ్ళు కొత్త కుర్రాడిని కూడా లాక్కుని తప్పుకోవాల్సి రావచ్చు. నీ మోకాలు ఆ క్షణంలో మొరాయిస్తే ఇద్దరికీ ప్రమాదం. ఇది సెంటర్ వాళ్ళకి ముందే చెప్పు, దాచకు, చెప్తే ఉద్యోగం పోతుందని భయపడకు, కొలతలు, నర్సరీ, మట్టి, నీటి సంరక్షణ, మ్యాపులు, ఇవన్నీ నేర్పేవాళ్ళు కావాలి వాళ్ళకి. పిడికెడు తడి మట్టి తీసుకుని బొటనవేలితో రిబ్బన్‌లా సాగదీయించి ఎంత పొడుగొచ్చాక తెగుతుందో చూసి అందులో బంకమట్టి ఎంత ఉందో చెప్పించడం లాంటివి కూర్చుని కూడా నేర్పొచ్చు. ఒప్పుకునే ముందు వాళ్ళని అడగాల్సినవి కూడా ఉన్నాయి, వారంలో ఎన్ని రోజులు బయట, ఎన్ని రోజులు గదిలో, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది పిల్లలు, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, ఇన్సూరెన్స్ ఉందా, సెలవు నెలల్లో జీతం ఉంటుందా, నేర్పడం నేర్చుకోవడానికి వాళ్ళు కోర్సుకి పంపుతారా. ఒక మనిషికి ముప్పై మందిని అప్పజెప్పి అడవికి పంపే చోటైతే నీ మోకాలు బాగున్నా సరే నేను వద్దనే అంటాను.

మ్యాపుల సీటుని చిన్నచూపు చూడొద్దు. లాండ్‌శాట్ శాటిలైట్లు 1972 నుంచీ భూమి ఫోటోలు తీస్తున్నాయి, 2008 నుంచి అవి ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మ్యాపులు చేసే క్యూజీఐఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, కాబట్టి అడవుల పని అటు కూడా జరుగుతోంది. స్క్రీన్ మీద పచ్చగా కనబడేది సహజమైన అడవా, వరసల్లో నాటిన తోటా, కలుపు పొదలా అనేది నేల మీద తిరిగినవాళ్ళకి త్వరగా అందుతుంది, అక్కడ నీకు విలువ ఉంటుంది. జీతం కూడా నెలనెలా ఆగకుండా వస్తుంది, మోకాలికి విశ్రాంతి. కానీ నీ ఉత్తరంలో ఆ సీటు గురించి రాసింది రెండే రెండు లైన్లు, ఆ రెండింట్లోనూ ఏసీ గురించే ఉంది. అది నేను గమనించాను, నువ్వూ గమనించుకో.

మీ ఆయన మాట పూర్తిగా తప్పని నేననను. చాలా చోట్ల ప్రాక్టికల్ నేర్పడానికి డిప్లొమా, అనుభవం సరిపోతాయి, కానీ సిలబస్ కమిటీల్లో కూర్చోడానికి, కోర్సు హెడ్ అవడానికి, ప్రిన్సిపల్ అవడానికి డిగ్రీ అడుగుతారు. పదేళ్ళ తర్వాత నీ దగ్గర నేర్చుకున్న పిల్ల డిగ్రీ చేసి నీకు పైఆఫీసర్‌గా వస్తే ఆ రోజు మనసు చివుక్కుమంటుంది, నాకు జరిగింది, అందుకే చెప్తున్నా. అలాగని అన్నీ మానేసి మూడు నాలుగేళ్ళు జీతం లేకుండా చదవడం ఇప్పుడు మీ ఇంటికి ఎంత భారమో నువ్వే లెక్క వేయాలి, సర్జరీ అప్పు ఇంకా ఉందని నువ్వే రాశావు. మధ్యేమార్గం ఉంది. పని అనుభవాన్ని చదువు కింద లెక్కగట్టి కొన్ని సబ్జెక్టులు మినహాయించే పద్ధతి చాలా దేశాల్లో ఉంది, పని చేస్తూ పార్ట్‌టైమ్‌గా చదివే కోర్సులూ ఉన్నాయి. సెంటర్‌లో చేరేటప్పుడే "నేను పక్కన డిగ్రీ చేసుకుంటాను, టైమ్‌టేబుల్‌లో వెసులుబాటు ఇస్తారా" అని అడిగి కాగితం మీద రాయించుకో, నోటిమాట వద్దు. ఇంట్లో కూడా ఇదే మాట చెప్పు, డిగ్రీ చేయను అనట్లేదు, ముందు వెనక చేస్తున్నాను అంతే అని. ఆయన నిన్ను స్ట్రెచర్ మీద చూసిన మనిషి, ఆ భయం కూడా ఆ మాటలో ఉండొచ్చు, ఒకసారి అడిగి చూడు.

నువ్వు రాయని దారి ఒకటి నాకు కనబడుతోంది. సెంటర్ వాళ్ళని ఒక్క టర్మ్‌కి కాంట్రాక్ట్ అడుగు, కంపెనీ వాళ్ళని ఆ మ్యాపుల సీటు నాలుగైదు నెలలు ఆపగలరా అడుగు. రెండూ కుదిరితే చాలా మంచిది, టర్మ్ అయ్యేసరికి నీకే తేలిపోతుంది. కంపెనీ ఆపనంటే మాత్రం ఆ సీటు పోతుందని తెలిసే వెళ్ళాలి, అప్పుడు ఇంట్లో ఆరు నెలల ఖర్చు చేతిలో ఉందో లేదో చూసుకుని కదులు. టర్మ్‌లో నిన్ను నువ్వు కనిపెట్టుకోవాల్సింది ఒకటే, పిల్లవాడు తప్పు చేసినప్పుడు నీకు టేప్ లాక్కుని నువ్వే కొలిచేయాలనిపిస్తోందా, లేక వాడు ఎక్కడ తప్పాడో వెతకాలనిపిస్తోందా. మొదటి నెల అందరికీ లాక్కోవాలనే అనిపిస్తుంది. నాలుగో నెలలో కూడా అలాగే ఉంటే మ్యాపుల వైపు వెళ్ళిపో, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఏ దారైనా నీదే, నెల టైమ్ ఉంది. ఈలోపు మాత్రం ఒక పని చెయ్యి. సెంటర్ వాళ్ళకి ఫోన్ చేసి ఇంకో గంట క్లాసు అడుగు, అదే బ్యాచ్, అదే చెట్టు. వెళ్ళే ముందు రోజు ఒక్కదానివే ఆ చెట్టు దగ్గరికి వెళ్ళి, మోకాలికి బెల్ట్ వేసుకుని మెల్లగా వెళ్ళు, చుట్టూ తిరుగు, కొట్టి విను, నీ కన్ను ముందు ఎక్కడికి పోయిందో, తర్వాత ఎక్కడికి పోయిందో వరసగా కాగితం మీద పెట్టు. మర్నాడు ఆ కుర్రాడిని పిలిచి గొడ్డలి చేతికివ్వు, తర్వాత నోట్‌బుక్ తెరిపించు. "చూస్తే తెలుస్తుంది అంతే" అన్న లైన్ కొట్టేయించకు, ఉండనివ్వు, దాని కింద వాడేం రాసుకున్నాడో నాకు రాసి పంపు.